హోసూరు, కృష్ణగిరి సీమలలో తోటగది

తోటలో నొక గది కట్టుకొనుటను గూర్చి చరిత్ర వ్రాయుటకేమున్నదని కొందరు నవ్వవచ్చును. కోటలకు చరిత్ర యున్నది, గుడులకు స్థలపురాణమున్నది. గడ్డపారలు, దోటులు, చిక్కములు, పాతగోనెలు పెట్టుకొను గదికి చరిత్ర యేమి? మేము ముప్పది యేండ్లకు పైగా రెవెన్యూ కచేరిలో గుమాస్తాగా నుండి ఈ సీమల భూమిలెక్కలను వ్రాసినవారము. ఆ లెక్కలలో తోటకు వేరుగా నొక తరగతి యున్నది, బావికి గురుతున్నది, పోరంబోకు నేలపైని చెట్టుకు సయితము పట్టా యున్నది. తోటలోని గదికి మాత్రము ఒక గీటుముక్కయైన లేదు. లెక్కలోనికి రాని దానిని జనులు త్వరగా మరతురు. అందుచేతనే ఈ నాలుగుమాటలు వ్రాయబూనితిమి.

మా సీమ నెరుగని చదువరులకు ముందుగా కొంచెము చెప్పవలెను. హోసూరు సముద్రమట్టమునకు సుమారు 3,000 అడుగుల యెత్తున, మైసూరు పీఠభూమి యంచున నున్నది. బెంగుళూరు అచ్చటికి సుమారు 40 కిలోమీటర్లు. కృష్ణగిరికి పోవలెనన్న తూర్పు దక్షిణముగా సుమారు 50 కిలోమీటర్లు దిగవలెను. దిగినకొలది గాలి వేడెక్కును, మామిడితోటలు దట్టమగును. పాత వ్రాతలలో పైసీమకు బాలాఘాటు, క్రిందిసీమకు బారామహలు అని పేర్లు. రెండింటను తెలుగు, కన్నడము, తమిళము ఒకే అంగడిలో ఒకే పూటలో వినబడును. విజయనగర రాజుల కాలమునుండి ఇచ్చట నిలిచిన తెలుగు కుటుంబములు పెక్కు. 1956లో భాషలను బట్టి రాష్ట్రములను తిరిగి యేర్పరచినపుడు ఈ తాలూకాలు మదరాసు రాష్ట్రముననే నిలిచినవి. 2004లో ధర్మపురి జిల్లానుండి విడివడి కృష్ణగిరి వేరు జిల్లా యైనది. మా ఇంటి గడప కదలలేదు గాని, జాబులమీద వ్రాసికొను చిరునామా మా తాతగారి నాటినుండి నేటివరకు రెండుమార్లు మారినది: సేలము జిల్లా, ధర్మపురి జిల్లా, కృష్ణగిరి జిల్లా.

ఇక తోటగది యనగా నెట్టిదో చెప్పుదుము. కొందరు ధనికులు తోట నడుమ కట్టుకొను విలాసగృహము కాదిది. బావికి చేరువగా, పదిపన్నెండడుగుల పొడవున, ఒకటే గది, ముందర వసారా, వసారాకు రెండు మూడు రాతికంబములు. రాతికి కొదువలేని సీమ గనుక పునాది రాయి, గడప రాయి, కూర్చుండు తిన్నె రాయి. పైన నాటుపెంకులు, తరువాతి దినములలో మంగుళూరు పెంకులు. తెలిసినవారు వసారాను తూర్పునకో ఉత్తరమునకో పెట్టి, పడమటివైపున కానుగచెట్టును పెంచెడివారు. ఆకురాల్చిన కానుగ చైత్రము నాటికి లేతచిగురు తొడిగి, సరిగా ఎండ ముదురు వేళకు గది గోడను కప్పివేయును. గోడలు వేడెక్కక ముందే నీడ సిద్ధమగును. ఇంతటి మంచి యేర్పాటునకు ఖర్చు ఒక మొక్క మాత్రమే. కపిలతో నీరు తోడు దినములలో బాన, తొండము, మోకు మొదలగునవి రాత్రి ఆ గదిలోనే యుండెడివి. మోటారులు వచ్చిన తరువాత వాని మీటలపెట్టె ఆ గోడకే యెక్కినది.

వసంతమనగా పంచాంగము ప్రకారము చైత్ర వైశాఖములు. తోటవానికి మాత్రము వసంతము పూతతోడనే, అనగా పుష్యమాఘములనుండియే, మొదలగును. పూత నిలుచునా రాలునా యని చూచుటకు వ్యాపారులు తోటలకు వచ్చెదరు. పూతమీదనే తోటను గుత్తకిచ్చుట ఈ సీమలో పాతవాడుక. బేరము జరుగునది తోటగది వసారాలో. రైతు పూతను చూపును, వ్యాపారి మంచును, పురుగును చూపును. ఇరువురును రాతితిన్నె మీద కూర్చుండి మధ్యాహ్నము వరకు ఒకరి నొకరు నమ్మక, తుదకు నమ్ముదురు. పూతబేరము ముగియు సరికి చింతకాయ కోతకు వచ్చును. కృష్ణగిరి, ధర్మపురి చింతపండునకు మంచి పేరున్నది. ఆడువారు ఆ వసారాలోనే వరుసగా కూర్చుండి పెంకు వలిచి, ఈనెలు తీసి, పిక్కలు రాలగొట్టుదురు. ఆ పని ముగియకమునుపే మామిడికాయ దిగుట మొదలగును. అప్పుడు గది నేలపై గడ్డి పరచి కాయలను మాగవేయుదురు. ఇట్లు మాఘమునుండి జ్యేష్ఠము వరకు ఆ చిన్నగది ఒక్కదినమైనను ఊరకుండదు. వానకాలమున, చలికాలమున అది కేవలము సామానుల కొట్టు. సంవత్సరమున నాలుగైదు నెలలు మాత్రము దానికి ప్రాణము వచ్చును.

దీనికొక పెద్దింటి చుట్టమున్నది. అది వసంతమండపము. మన దేవాలయములలో ఎండకాలము వచ్చినంతనే ఉత్సవమూర్తిని తోటలోని మండపమునకు వేంచేపు చేయుట సంప్రదాయము. తిరుమలలో చైత్రశుద్ధ త్రయోదశి మొదలు పూర్ణిమ వరకు మూడు దినములు వసంతోత్సవము జరుగుచున్నది. మా హోసూరు కొండమీది చంద్రచూడేశ్వరస్వామికి ఫాల్గుణమున రథోత్సవము. ఆ దినములలో మూడు భాషలవారును ఒకే మోకును లాగుదురు. దేవుడు గర్భాలయమునుండి గాలితగులు చోటికి కదలి వచ్చుటయే వసంతపు మర్యాద. మన పూర్వులు దేవునకు చేసిన యేర్పాటునే తమకును చేసికొనిరి.

రాజులును చేసికొనిరి. కొండవీటి కుమారగిరిరెడ్డి పదునాలుగవ శతాబ్ది తుదిని వసంతోత్సవములను ఎంత వైభవముగా జరిపెననగా, కర్పూరవసంతరాయడను బిరుదే అతనికి నిలిచినది. అతడు వ్రాసిన నాట్యశాస్త్ర గ్రంథమునకు సయితము వసంతరాజీయమనియే పేరు. ఆ ఉత్సవములకు కావలసిన కర్పూరము, కస్తూరి మొదలగు సుగంధద్రవ్యములను దూరద్వీపములనుండి తెప్పించి యిచ్చినవాడు అవచి తిప్పయసెట్టి. శ్రీనాథుడు హరవిలాసమును ఆ సెట్టికే అంకితమిచ్చెను. పండితులు ఈ కథలో రాజును చూతురు, కవిని చూతురు. గుమాస్తాపని చేసిన మాకు కనబడునది మాత్రము సెట్టిగారి లెక్కలగది. ఉత్సవము మూడు దినములైన, దానికి సరకు తెప్పించి, పద్దు వ్రాసి, బాకీ రాబట్టుకొనుట సంవత్సరమంతయు పని. వసంతమునకు వెనుక నెప్పుడును ఒక పద్దుపుస్తకము ఉండును.

బారామహలు చరిత్రలోనికి వత్తము. పదునారవ శతాబ్ది చివరిపాదమున, పెనుగొండను గోల్కొండ సేనల బారినుండి కాపాడిన జగదేవరాయలకు ఈ సీమ లభించినది. కృష్ణగిరి మొదలగు కొండకోటలు అతని యేలుబడిలోనివి. అటుపిమ్మట బిజాపురమువారు, మరాఠులు, మైసూరువారు వరుసగా వచ్చిరి. హైదరు, టిప్పుల కాలమున తోటల మీద మక్కువ హెచ్చినది. 1760లో బెంగుళూరున హైదరు లాలుబాగును మొదలుపెట్టెను. 1784లో శ్రీరంగపట్టణమున టిప్పు దరియా దౌలతు బాగును కట్టించెను. ఈ రెండవది నిజముగా తోటలోని యొక మేడ. గోడలనిండ చిత్రములు, చుట్టును వసారా. 1799లో టిప్పు మరణించిన తరువాత ఆర్థరు వెల్లెస్లీ అందులో కొంతకాలము కాపురముండెను. ఓడినవాని తోటలో గెలిచినవాడు నిద్రించుట చరిత్రలో మామూలే.

1792 సంధితో బారామహలు కుంపిణీవారి వశమైనది. హోసూరుసీమ మరి యేడేండ్లు మైసూరు క్రిందనే యుండి, 1799లో వారికి దక్కెను. బారామహలున కప్తాను అలెగ్జాండరు రీడు కలెక్టరుగా, గ్రాహము, మెక్లాయిడు, తామసు మన్రో అను ముగ్గురు సైనికోద్యోగులు సహాయకులుగా నియమింపబడిరి. రైతుతో నేరుగా పన్ను నిర్ణయించు పద్ధతి, అనగా తరువాత రైతువారీ యని పేరొందినది, ఇక్కడనే పెరిగినది. పుంజ, నంజ, తోట యని మేము జీవితమంతయు వ్రాసిన మూడు తరగతులకు కుంపిణీ కాలపు పునాది ఆ సర్వేలోనే యున్నది. అప్పటి నివేదికలు బారామహలు రికార్డులను పేర ఇరువదవ శతాబ్ది ఆరంభమున మదరాసు ప్రభుత్వముచే అచ్చువేయబడినవి. వానిలో పైరులకు, పన్నులకు, జనులకు వేరువేరు భాగములున్నవి. ఓపిక యున్నవారు చూడవలసిన గ్రంథములవి.

మన్రోకు ధర్మపురిలో నివాసము. సంవత్సరమున పెక్కునెలలు గుడారమునందే యుండి, గ్రామగ్రామము తిరిగి, తెల్లవారినది మొదలు రైతుల మాటలు వినుట ఆయన పని. ఐనను ధర్మపురిలో ఆయన తన చేతులమీదుగా నొక తోటను పెంచెను, పండ్లచెట్లు నాటించెను. స్కాట్లండులోని తన సోదరికి వ్రాసిన జాబులలో ఆ తోట ముచ్చట మరల మరల వచ్చును. ఏడేండ్లు గడచి, 1799లో కన్నడ తీరమునకు బదిలీయైనపుడు ఆయన ఆ తోటను విడువలేక విడిచెను. యుద్ధముల కోర్చినవాడు, పన్నులెక్కలలో అంగుళము విడువనివాడు, చెట్లను విడుచునప్పుడు బేలయయ్యెను. బదిలీయైన ప్రతి ఉద్యోగియు ఈ బాధ నెరుగును. తాను నాటిన మొక్కకు తరువాతి దొర నీరు పోయునో లేదో యను చింత బదిలీ ఉత్తరువు వెంటనే పుట్టును.

ఈ మన్రో తరువాత దత్తమండలములకు కలెక్టరై, 1820లో మదరాసు గవర్నరై, 1827 జూలై 6న పర్యటనలో నుండగా పత్తికొండలో విశూచితో మరణించెను. అక్కడ ఆయన జ్ఞాపకార్థము ప్రభుత్వమువారు చెట్లతోపును నాటించి, మెట్లబావిని త్రవ్వించిరి. విగ్రహముకంటె ఇది తగిన గురుతు. మాకు ముఖ్యమైన సంగతి మరియొకటి. గవర్నరుగా నుండగా 1822లో ఆయన రాజధాని యంతట గ్రామపు బడుల లెక్క తీయించెను. 1826 నాటి ఆయన నివేదిక ప్రకారము 1,28,50,941 జనులకు 12,498 బడులు తేలినవి. అనగా సుమారు వెయ్యిమందికి ఒక బడి. ఆ బడులకు భవనములు అరుదు. పెక్కు బడులు అరుగులమీద, చావడులలో, చెట్లనీడను నడచినవే. గవర్నరు లెక్కలోనికి బడి వచ్చినది గాని, బడి నడచిన అరుగు రాలేదు. ఇది గుమాస్తా చూపు, పండితులు క్షమింతురుగాక.

అదే కాలమున మన తెలుగునకు మేలుచేసిన తోట యొకటి కడపలో నుండెను. 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను అచ్చట తోటతో కూడిన బంగళాను సంపాదించి, తన జీతమునుండియే పండితులకు, లేఖకులకు జీతములిచ్చి, తాళపత్రములను తెప్పించి, ప్రతులను సరిపోల్చి, శుద్ధప్రతులను వ్రాయించెను. జూలూరి అప్పయ్యశాస్త్రి వంటి పండితులు ఆయన కొలువున నుండిరి. జనులు దానిని బ్రౌను కాలేజీ యని పిలిచిరి. 1829లో వేమన పద్యములు అచ్చయినవి. 1852లో తెలుగు ఇంగ్లీషు నిఘంటువు వెలువడినది. నేడా స్థలముననే బ్రౌను పేర గ్రంథాలయము, భాషాపరిశోధన కేంద్రము నడచుచున్నవి. మన్రో తోట జాబులలో మిగిలినది; బ్రౌను తోట పుస్తకములలో మిగిలినది. ఇద్దరిలో ఎవరు తోటను చక్కగా వాడుకొనిరని మమ్మడిగిన, మేము వెనుదీయక కడపవైపే చేయి చూపుదుము. మన్రో ధర్మపురి తోట ఆయనకు విశ్రాంతి నిచ్చినది. కడప తోట ఊరికే పని నిచ్చినది.

హోసూరునకు మరల వత్తము. చల్లనిగాలి కొరకు సేలము కలెక్టరులు హోసూరును కోరి, కొంతకాలము ఇచ్చటనే నివసించిరి. వారిలో బ్రెట్టు అను నాతడు 1860 ప్రాంతములలో ఇచ్చటి పాతకోట చెంత ఇంగ్లండులోని కెనిల్వర్త్ కోట పోలికతో ఒక మేడ కట్టించెను. పెండ్లికూతురి కొరకు కట్టించెనని, ఆమె రాలేదని, ఊరిలో కథ చెప్పుకొందురు. కథ యెట్లున్నను, మేడ శిథిలమై మొండిగోడలుగా మిగిలినది. మేము ఉద్యోగమున చేరిన క్రొత్తలో సాయంకాలములందు అటు పోయి చూచెడివారము. ఎత్తయిన గోడల నడుమ ముండ్లపొదలు, పొదలలో మేకలు. ఆ కాలమున కట్టిన తోటగదులు మాత్రము పల్లెలలో పెంకు మార్చుకొని మార్చుకొని నిలిచినవి. పనియున్న గోడను మనుష్యులు మరమ్మతు చేసికొందురు.

ఆ పనిలో లెక్కలపని యొకటి. ఫసలీ సంవత్సరము జూలై 1న మొదలై జూన్ 30న ముగియును. జమాబంది దానికి ముందే వచ్చును. కావున కరణమునకు చైత్ర వైశాఖములే తీరిక లేని మాసములు. అడంగలు, చిట్టా, కౌళ్లు, వసూళ్లు సరిచేసి, తప్పులు దిద్ది, చక్కని ప్రతి వ్రాయవలెను. ఇంటిలో పిల్లల అల్లరి, వచ్చిపోవు చుట్టములు. అందుచేత కరణములు కొందరు తెల్లవారక ముందే పెట్టెను నెత్తిన పెట్టించుకొని తోటగదికి పోయెడివారు. మా మేనమామ వరుసవారొకరు కరణీకము చేసినవారు. వారి తోటగదిలో తెలుగున వ్రాసిన కడితములు గూటిలో వరుసగా నుండెడివి. నల్లని పలక వంటి ఆ గుడ్డపుస్తకముపై బలపముతో వ్రాసిన అంకెలను మేము చిన్ననాట చూచితిమి. ఏ పొలము ఎవరిది, ఏ బావిలో ఎవరికెన్ని వంతులు, ఏ మామిడి తాత నాటినది, ఏది మనుమడు నాటినది, అన్నియు తెలుగుననే. 1980 నవంబరులో తమిళనాడు ప్రభుత్వము వంశపారంపర్యపు గ్రామోద్యోగములను రద్దుచేసి, గ్రామపాలనాధికారులను నియమించినది. ఆ మార్పు కావలసినదే. కరణీకము ఒక కుటుంబపు సొత్తుగా నుండుట మంచిది కాదు. కాని ప్రభుత్వపు లెక్కలు కచేరికి పోయినవి, సొంతపు కడితములు గూటిలో మిగిలినవి. గూటిలో మిగిలిన వానిని చెదలు చదివినవి. మా మామగారి కడితములలో మేము చూచుసరికి నిలిచినవి రెండు. ఆ రెండింటిలో నొకదాని చివరిపుటలలో, పొలముల లెక్క ముగిసిన తరువాత, పిల్లలకు దిద్దబెట్టిన ఓనమాలు, గుణింతములు ఉన్నవి. అనగా ఆ గదిలో లెక్కలతోపాటు అక్షరములు కూడ నేర్పిరని మాకు అప్పుడే తెలిసినది.

మామిడి మాటయు కొంత చెప్పవలెను; ఈ సీమలో మామిడిని విడిచి చరిత్ర వ్రాయుట అన్యాయము. బెంగుళూర, నీలము, సేంధూర, మల్గోవ, బాదామి, ఇమాం పసంద్ మొదలగు జాతులు ఇచ్చట పండును. ఎక్కువ తోటలు బెంగుళూరవి. దీనినే తోతాపురి యని కూడ అందురు, గుజ్జు తీయు కర్మాగారములకు పోవునది ఇదియే. కోస్తా జిల్లాలవారు ఈ కాయనే కలెక్టరుకాయ యందురు. కలెక్టరుల క్రింద ఇన్నేండ్లు పనిచేసిన మాకు, దానిని కోసి ఉప్పుకారము చల్లుకొనునపుడెల్ల, కొంత సంతోషము కలుగును. గుజ్జు కర్మాగారములు వచ్చిన తరువాత కాయ చెట్టునుండి నేరుగా లారీ యెక్కుచున్నది. మాగవేయు గడ్డి అక్కరలేదు. గది నేలకు ఆ తీయని వాసన పోయినది.

పైసీమలో మార్పు మరియొక తీరు. 1970ల తరువాత హోసూరు చుట్టును పరిశ్రమలు వచ్చినవి. లారీలు, మోపెడ్లు, చేతిగడియారములు ఇచ్చట తయారగుచున్నవి. ఉద్యోగములు వచ్చినవి, మా పిల్లలకును వచ్చినవి, దానిని నిందించుట కృతఘ్నత. కాని తోటలు ప్లాట్లయినవి. ప్లాటుకు హద్దురాళ్లు పాతునపుడు మొదట పడగొట్టబడునది తోటగదియే. దానికి లెక్కలో పేరు లేదు గదా, నష్టపరిహారమున ఒక పంక్తియు రాదు. మిగిలిన తోటలలో కొన్నింట గులాబీలు పెంచుచున్నారు. ప్లాస్టిక్కు కప్పుగల పొడుగాటి పందిళ్లలో, లోపలి వేడిని తేమను కొలుచుచు, ఫిబ్రవరి నెలలో విదేశములకు పంపుటకు మొగ్గలు కోయుదురు. ఒక విధముగా అదియు తోటగదియే. మనుష్యులు బయటనుండి, పూలు లోపలనుండు గది. అచ్చట వసంతము మాఘమున మీట నొక్కిన వచ్చును. మేము లోపలికి పోయి చూచితిమి. పావుగంటలో చెమటపట్టి బయటకు వచ్చితిమి. గులాబీలకు మాత్రము బాగుగనే యున్నది.

ఇక నిలిచియున్న గదుల మాట. కృష్ణగిరి నుండి హోసూరు వరకు మాకు తెలిసిన తోటలలో పాతగదులు ఇప్పటికిని కొన్ని యున్నవి. వానిలో ఎక్కువ వానికి తాళములు. యజమానులు బెంగుళూరున నున్నారు, సంవత్సరమునకొకమారు గుత్తసొమ్ము కొరకు వత్తురు. గదియేమో వసంతమున వాడుకొనదగినంత చక్కగా నున్నది, వాడువారు లేరు. మరియొకవైపు మన పిల్లలు తెలుగు చదువ వ్రాయుటకు చోటు లేక యున్నారు. 2006లో తమిళనాడు శాసనసభ చేసిన చట్టము ప్రకారము పాఠశాలలలో ఒకటవ తరగతినుండి తమిళము తప్పనిసరి పాఠ్యమైనది. ఏటేట ఒక తరగతి చొప్పున పదవ తరగతి వరకు సాగినది. తమిళము నేర్చుకొనుట మంచిదే. మేము ఉద్యోగమంతయు తమిళముననే వ్రాసితిమి. ఆ భాష పెట్టిన అన్నమే తింటిమి. కాని ఒకటి వచ్చిన మరియొకటి పోవలెనను నియమమేమియు లేదు. ఇంటిలో తెలుగు మాటలాడుచు, తెలుగున సంతకము చేయలేని పడుచువారిని చూచినపుడు, మామగారి కడితపు చివరిపుట మాకు కన్నుల ముందర నిలుచును. ఈ తరమువారు తాతగారి భూమిపత్రమును చదువలేరు. చదువలేని పత్రమును చూపి ఎవడేమి చెప్పినను నమ్మవలసినదే. కచేరిలో అట్టి సంగతులను మేము కన్నులార చూచితిమి. పేర్లు చెప్పుట తగదు.

అందుచేత మేము, మావంటి ఉద్యోగవిరమణ చేసిన నలుగురము, కృష్ణగిరి ప్రక్క నొక బంధువుల తోటగదిని అడిగి తీసికొంటిమి. ఉగాది మొదలు బడులు తిరిగి తెరచు వరకు అచ్చట తెలుగు అక్షరములు నేర్పుచున్నాము. గదిని బాగుచేయుటకు ఆరు దినములు పట్టినది. పగిలిన పెంకులు మార్పించి, పేడతో అలికించి, చెదలు తిన్న దూలమునకు ఆనింపు పెట్టించితిమి. కరెంటు పంకా అక్కరలేదు; పడమటి కానుగ చిగిర్చియున్నది. కుర్చీలు తేలేదు. పిల్లలు చాపలమీద కూర్చుండి ఇసుకలో వ్రేలితో దిద్దుదురు. చేయి తిరిగినవారికి పలకలు. ఉగాది దినమున పంచాంగశ్రవణమును ఆ వసారాలోనే పెట్టితిమి. వేపపూత పైకప్పుమీదనే రాలియుండగా పచ్చడికి వెదకవలసిన పని లేకపోయినది.

మొదటి సంవత్సరము తొమ్మిదిమంది వచ్చిరి. వారిలో మువ్వురు చింతపండు కొట్టుటకు వచ్చు స్త్రీల పిల్లలు. తల్లులు వసారాలో పిక్కలు తీయుచుండ, లోపల పిల్లలు గుణింతము పలుకుదురు. మేము పిల్లవాడు తప్పు పలికినచో దిద్దుటకు ముందే బయటనుండి ఒక తల్లి దిద్దుట పలుమారు జరిగినది. ఆమెకు చదువు రాదు, మాట వచ్చును. చెవిలో నున్న భాషను కంటికి తెచ్చుట కష్టమైన పని కాదని అప్పుడు మాకు ధైర్యము కలిగినది. అక్షరములు కుదిరినవారికి చదువుటకు మామగారి కడితములు రెండింటిని తెచ్చి పెట్టితిమి. తమ యూరి పొలముల పేర్లు, తమ తాతల పేర్లు అందులో కనబడగా పిల్లలు పాఠపుస్తకముకంటె దానినే ముందుగా అడుగుచున్నారు. అంకెల దగ్గర మాత్రము చిక్కు వచ్చుచున్నది; పాత తెలుగు అంకెలు, వీసము, పరక మొదలగు భిన్నముల గురుతులు నేర్పుటకు ఇంకను కొంతకాలము పట్టును. ఆ గురుతులను తెలిసిన వృద్ధులు మా సీమలో ఎవరైన నున్నచో ఒకటి రెండు ఉదయములు వచ్చి చెప్పవలెనని కోరుచున్నాము. పాత కడితములు, తెలుగు పత్రములు ఇంటి గూళ్లలో నున్నవారు వానిని తెచ్చినచో అక్కడనే చదివి, నకలు వ్రాసి, అసలును వెంటనే తిరిగి యిత్తుము.

తాళము తోట కావలివాని యొద్దనే యున్నది. వచ్చువారు ఉదయము ఏడు గంటలకు ముందే రావలెను. తొమ్మిది దాటిన తరువాత ఆ గది చింతపండు వారిది.